మిడ్‌సైజ్ ఎస్‌యూవీని ఎలా అంచనా వేయాలి? మంగంపేట రోడ్ల మీద ఒక ప్రాక్టికల్ పాఠం

ఫోన్ కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? ప్రాసెసర్, ర్యామ్, కెమెరా, బ్యాటరీ... నాలుగు నంబర్లు పక్కపక్కన పెట్టి, పెద్ద నంబర్ ఉన్నదాన్ని సెలెక్ట్ చేస్తాం. కారు విషయంలో కూడా చాలామంది ఇదే పద్ధతి ఫాలో అవుతున్నారు. ఎన్ని అంగుళాల స్క్రీన్? ఎంత పవర్? సన్‌రూఫ్ ఉందా లేదా? కానీ ఫోన్ నచ్చకపోతే ఏడాదిలో మార్చేయొచ్చు. కారు అలా కాదు. పదేళ్లు ఇంటి ముందే ఉంటుంది, దాని ఖర్చు ప్రతి నెలా వస్తుంది.

మా ఇంట్లో ఇప్పుడు ఈ లెక్కే నడిచింది. నాన్న ముప్పై ఏళ్లు ముగ్గురాయి లారీ నడిపారు. మోకాళ్లు, నడుము సహకరించక లారీ అమ్మేశారు. ఆ డబ్బు, దాచుకున్నది కలిపి కారు బడ్జెట్ ఆన్‌రోడ్ 16 లక్షలు. అమ్మను నెలకోసారి తిరుపతి ఆసుపత్రికి చెకప్‌కు తీసుకెళ్లాలి, మిగతా రోజుల్లో కోడూరు, ఓబులవారిపల్లె చుట్టుపక్కల తిరగాలి. కారు సెలెక్ట్ చేసే పని నాకు అప్పగించారు. నేను ఎలా టెస్ట్ చేశానో, ఏ స్పెక్ ఎక్కడ పనికొచ్చిందో స్టెప్ బై స్టెప్ చెబుతాను. ఊరు మారితే సమాధానం మారుతుంది, పద్ధతి మాత్రం మారదు.

అసలు మిడ్‌సైజ్ అంటే ఏంటి?

మన దేశంలో ఈ గీత గీసింది పన్ను విధానమే. పొడవు 4 మీటర్ల లోపు ఉండి, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ లేదా డీజిల్ ఇంజిన్ 1500 సీసీ దాటకపోతే అది చిన్న కారు కింద లెక్క. 2025 సెప్టెంబర్ 22 నుంచి అలాంటి వాటిపై జీఎస్టీ 18 శాతం, అంతకంటే పెద్దవాటిపై 40 శాతం. హ్యుందాయ్ క్రెటా, కియా సెల్టోస్, హోండా ఎలివేట్, మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్, స్కోడా కుషాక్, ఫోక్స్‌వ్యాగన్ టైగున్ ఇవన్నీ 4 మీటర్లు దాటినవే. అంటే మొదటి ప్రశ్న "ఏ మిడ్‌సైజ్?" అని కాదు. "ఆ అదనపు పన్ను కట్టేంత చోటు మనకు నిజంగా అవసరమా?" అని అడగాలి. మా ఇంట్లో వెనక సీట్లో అమ్మ కాళ్లు చాపుకొని కూర్చోవాలి, డిక్కీలో వాకర్, సామాన్లు పట్టాలి. కాబట్టి అవసరమే అని తేలింది.

ఈ సెగ్మెంట్‌కు, రాయలసీమకు ఒక దగ్గరి సంబంధం కూడా ఉంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ కోసం 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. అక్కడి నుంచి మార్కెట్లోకి వచ్చిన మొదటి కారు సెల్టోస్, 2019 ఆగస్టు 22న లాంచ్ అయింది. మన సీమలో తయారైన కారు కదా అని నాకూ మనసు లాగింది. నాన్న మాత్రం, "లారీ యాడ చేసినారని ఎవరడిగిరి నాయనా? పార్టు యాడ దొరుకుతాదో అది అడుగు" అన్నారు. ముప్పై ఏళ్ల అనుభవం ఒక్క మాటలో చెప్పేశారు. అందుకే నా చెక్‌లిస్టులో మొదటి లైను ఫీచర్ కాదు, సర్వీస్ సెంటర్ దూరం.

ఇంజిన్: పీక్ నంబర్ కాదు, ఎక్కడ వస్తుందో చూడండి

ప్రాసెసర్ బెంచ్‌మార్క్ స్కోరుకు, రోజూ ఫోన్ వాడేటప్పుడు వచ్చే లాగ్‌కు తేడా మీకు తెలుసు. ఇంజిన్‌లోనూ అంతే. పవర్ అంటే కారు చివరికి ఎంత వేగం అందుకోగలదు అనేదానికి దగ్గరి లెక్క. టార్క్ అంటే కాలు నొక్కగానే ఎంత బలంగా లాగుతుంది అనేది. అయితే ఆ టార్క్ ఎన్ని ఆర్‌పీఎం దగ్గర వస్తుందన్నదే అసలు పాయింట్.

2023 జూలైలో వచ్చిన సెల్టోస్ ఫేస్‌లిఫ్ట్‌నే ఉదాహరణగా తీసుకుందాం. ఒకే బాడీలో మూడు ఇంజిన్లు ఉండటం వల్ల పోలిక సులువు.

• 1.5 సాధారణ పెట్రోల్: 115 పీఎస్, 144 ఎన్‌ఎం. పూర్తి టార్క్ 4500 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది.
• 1.5 టర్బో పెట్రోల్: 160 పీఎస్, 253 ఎన్‌ఎం. 1500 ఆర్‌పీఎం నుంచే అందుతుంది.
• 1.5 డీజిల్: 116 పీఎస్, 250 ఎన్‌ఎం. ఇది కూడా 1500 దగ్గరే మొదలు.

సాధారణ పెట్రోల్, డీజిల్ రెండింటి పవర్ దాదాపు ఒకటే. కానీ చిట్వేలి నుంచి రాపూరు ఘాట్ ఎక్కేటప్పుడు ఐదుగురు కూర్చుంటే తేడా వెంటనే తెలుస్తుంది. డీజిల్ తక్కువ ఆర్‌పీఎంలోనే లాక్కుపోతుంది. సాధారణ పెట్రోల్‌ను 4000 దాకా తిప్పాలి, శబ్దం పెరుగుతుంది. కడప–తిరుపతి రోడ్డు మీద లారీని ఓవర్‌టేక్ చేయాలన్నా ఇదే కథ. టర్బో అయితే టక్కున దాటేస్తుంది, సాధారణ పెట్రోల్‌తో ముందే లెక్క వేసుకొని, ఖాళీ చూసుకొని దాటాలి.

మరైతే డీజిల్ తీసుకోవడమే కరెక్టా? ఆగండి, లెక్క చూద్దాం. పెట్రోల్ లీటరు 109 రూపాయలు, నిజమైన మైలేజీ 13 కిలోమీటర్లు అనుకుందాం. కిలోమీటరుకు సుమారు 8.40 రూపాయలు పడుతుంది. డీజిల్ 97 రూపాయలు, మైలేజీ 17 అనుకుంటే 5.70. అంటే కిలోమీటరుకు 2.70 దాకా ఆదా. డీజిల్ కారుకు లక్షన్నర ఎక్కువ పెడితే, అది తిరిగి రావడానికి దాదాపు 56,000 కిలోమీటర్లు నడపాలి. నెలకు 1500 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు మూడేళ్లు చాలు. నెలకు 600 తిరిగే మా ఇంటికి దాదాపు ఎనిమిదేళ్లు! మీ నెలవారీ కిలోమీటర్లు వేసి ఇదే లెక్క చేయండి, రెండు నిమిషాల పని.

ఇంకో విషయం. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 నిబంధనలు వచ్చాక ఇలాంటి డీజిల్ కార్లలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటోంది. పొగలోని మసిని అది పట్టుకుంటుంది, తర్వాత బాగా వేడెక్కినప్పుడు ఆ మసిని కాల్చేస్తుంది. ఆ వేడి రావాలంటే కాసేపు ఆగకుండా హైవే మీద పరిగెత్తాలి. రోజూ ఐదారు కిలోమీటర్లు తిప్పి ఆపేస్తే ఫిల్టర్ మసితో నిండిపోయి వార్నింగ్ లైట్ వెలుగుతుంది. కాబట్టి డీజిల్ ఎంపికలో ఎంత దూరం అనేదే కాదు, ఎలాంటి దూరం అనేది కూడా ముఖ్యం.

హైబ్రిడ్ సంగతి? గ్రాండ్ విటారా, హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకు కంపెనీ చెప్పే మైలేజీ లీటరుకు 27.97 కి.మీ. ఆగుతూ వెళ్లే సిటీ ట్రాఫిక్‌లో దీని అసలు లాభం కనిపిస్తుంది, ఎందుకంటే బ్రేక్ వేసినప్పుడల్లా బ్యాటరీ కొంత ఛార్జ్ అవుతుంది. కానీ బ్యాటరీ డిక్కీ కింద కూర్చోవడంతో సామాను చోటు తగ్గుతుంది. వాకర్ పెట్టాల్సిన మాకు అది మైనస్. బడ్జెట్ కూడా దాటింది.

గేర్‌బాక్స్: పేరు చూడకండి, పని చూడండి

నాన్న ఎడమ మోకాలు క్లచ్ తొక్కి తొక్కి అరిగిపోయింది. అందుకే ఆటోమేటిక్ తప్పనిసరి. కానీ ఆటోమేటిక్ అంటే ఒకే రకం కాదు.

• డీసీటీ: రెండు క్లచ్‌లు, గేర్లు చాలా ఫాస్ట్‌గా మారతాయి. కానీ డ్రై క్లచ్ రకమైతే టిప్పర్ల వెనకాల ఎత్తు మీద అంగుళం అంగుళం పాకేటప్పుడు క్లచ్ వేడెక్కుతుంది.
• టార్క్ కన్వర్టర్: గేర్లు కాస్త నిదానం, కానీ స్మూత్, గట్టిది. సెల్టోస్, క్రెటా డీజిల్ ఆటోమేటిక్‌లో ఇదే.
• సీవీటీ: కియా దీన్నే ఐవీటీ అంటుంది. గేర్లు మారే కుదుపే ఉండదు. గట్టిగా నొక్కితే మాత్రం ముందు శబ్దం, తర్వాత వేగం వస్తాయి. టచ్ లాగ్ ఉన్న ఫోన్ లాంటి ఫీలింగ్.

మెల్లగా నడిపే నాన్నకు, కుదుపు పడని అమ్మకు సీవీటీ సరిపోయింది. ఒక జాగ్రత్త: ఘాట్ దిగేటప్పుడు బ్రేక్ ఒక్కదాని మీద ఆధారపడకూడదు. ప్యాడిల్ షిఫ్టర్లు గానీ, ఎల్ మోడ్ గానీ ఉందో లేదో చూడండి. లారీ డ్రైవర్లు గేరు తగ్గించి దిగేది ఊరికే కాదు.

ఫీచర్లు: మన ఊరి ఎండలో, దుమ్ములో టెస్ట్ చేయండి

మంగంపేట బెరైటీస్ నిక్షేపం ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో ఒకటి. ఆయిల్ బావులు తవ్వేటప్పుడు వాడే మడ్‌లో ఈ పొడి కలుపుతారు, ఎందుకంటే ఇది నీటి కంటే నాలుగు రెట్లకు పైగా బరువు. ఇక్కడ లారీలు, మిల్లులు ఉన్నచోట సన్నని పొడి కారు మీద పడుతూనే ఉంటుంది. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఈ రెండు విషయాలు గుర్తుపెట్టుకొని ఫీచర్లు చూస్తే ర్యాంకులు తారుమారవుతాయి.

పనోరమిక్ సన్‌రూఫ్: బ్రోచర్‌లో హీరో, మా ఊళ్లో సైడ్ క్యారెక్టర్. "ఎండను నెత్తి మీదికి తెచ్చుకునేదానికి లెక్క పెట్టాల్నా?" అని నాన్న అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

వెంటిలేటెడ్ సీట్లు: ఇవి ఏసీ కావు, సీటు చిల్లుల్లోంచి గాలి ఆడించే ఫ్యాన్లు. వీపుకు చెమట పట్టదు. నడుము నొప్పి ఉన్నవాళ్లకు గంటల ప్రయాణంలో నిజంగా హెల్ప్ అవుతాయి.

క్యాబిన్ ఫిల్టర్: ఎవరూ రివ్యూ చేయని ఫీచర్. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది, మనమే తీసి చూడొచ్చు. దుమ్ము ఊళ్లలో ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్, క్యాబిన్ ఫిల్టర్ మామూలు గడువు కంటే ముందే మార్చాలి. యూజర్ మాన్యువల్‌లో దుమ్ము ప్రాంతాల షెడ్యూల్ వేరేగా ఉంటుంది, అది చదవండి. వాటి ధర ముందే అడిగి నోట్ చేసుకోండి.

లెవెల్ 2 ఏడాస్: అద్దం వెనక కెమెరా, చాలా కార్లలో ముందు బంపర్‌లో రాడార్ కూడా. ఆటోమేటిక్ బ్రేకింగ్ మంచి ఫీచరే. కానీ గీతలు లేని రోడ్డు మీద లేన్ అసిస్ట్‌కు పట్టుకోవడానికి ఏమీ ఉండదు, సెన్సర్ మీద పొడి పేరుకుంటే సిస్టమ్ ఆఫ్ కావచ్చు. హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్లకు విలువ ఎక్కువ.

సేఫ్టీ: ఇక్కడ మాత్రం పొదుపు వద్దు. ఆరు ఎయిర్‌బ్యాగ్‌లు, ఈఎస్‌సీ ఉన్న వేరియంటే చూడండి. క్రాష్ టెస్ట్ రేటింగ్ చదివేటప్పుడు తేదీ కూడా చదవండి. 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సెల్టోస్‌కు 3 స్టార్లు ఇచ్చింది, ఆ టెస్ట్ కారులో ఎయిర్‌బ్యాగ్‌లు రెండే. 2022లో కుషాక్, టైగున్‌లకు 5 స్టార్లు వచ్చాయి. 2023 అక్టోబర్ నుంచి మనకు భారత్ ఎన్‌క్యాప్ కూడా ఉంది.

కంఫర్ట్: టైరు సైడ్ చూసి చెప్పొచ్చు

పెద్ద అల్లాయ్ చక్రాలు ఫోటోలో బాగుంటాయి. కానీ టైరు మీద 215/60 ఆర్17 అని ఉంటే, రబ్బరు గోడ ఎత్తు 215లో 60 శాతం, అంటే 129 మి.మీ. అదే 215/55 ఆర్18 అయితే 118 మి.మీ. గుంతలో పడినప్పుడు దెబ్బను ముందుగా తీసుకునేది ఆ రబ్బరు గోడే. 11 మి.మీ. తేడా చిన్నదే అనిపిస్తుంది, వెనక సీట్లో కూర్చున్న నడుముకు చిన్నది కాదు. చాలాసార్లు టాప్ వేరియంట్ కంటే మధ్య వేరియంట్ మెత్తగా నడవడానికి ఒక కారణం ఇదే.

టెస్ట్ డ్రైవ్‌కు ఇలా వెళ్లండి:

1. ఉదయం చల్లపూట వద్దు, మధ్యాహ్నం రెండింటికి వెళ్లండి. ఎండలో నిలిపిన కారులో ఏసీ వేసి, వెనక సీటు చల్లబడటానికి ఎన్ని నిమిషాలు పట్టిందో ఫోన్‌లో టైమర్ పెట్టి చూడండి.
2. ఒక్కరే వెళ్లొద్దు. ఐదుగురు ఎక్కండి. స్పీడ్ బ్రేకర్ మీద అడుగు తగులుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది.
3. 40 కి.మీ. వేగంలో ఒక్కసారి గట్టిగా నొక్కి, 80 చేరడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. ఓవర్‌టేక్ టెస్ట్ ఇదే. ఖాళీ రోడ్డు మీదే చేయండి.
4. రోడ్డు మీద నుంచి కళ్లు తీయకుండా ఏసీ తగ్గించగలుగుతున్నారా? టచ్‌లోనే అన్నీ ఉంటే అది మైనస్.
5. ఇంట్లో పెద్దవాళ్లను వెనక సీట్లోకి ఐదుసార్లు ఎక్కించి దించండి.

ఫైనల్ రిజల్ట్

ఇంజిన్ లెక్కలో డీజిల్, బడ్జెట్‌లో టర్బో, డిక్కీలో హైబ్రిడ్ పోయాయి. చివరికి సెల్టోస్ 1.5 పెట్రోల్ ఐవీటీ, ఎలివేట్ సీవీటీ మిగిలాయి. ఫీచర్లలో, క్యాబిన్ హంగుల్లో సెల్టోస్ ముందుంది. వెంటిలేటెడ్ సీట్లు ఎలివేట్‌లో లేవు. ఎలివేట్‌కు 220 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్స్, 458 లీటర్ల డిక్కీ ప్లస్. 2023 సెల్టోస్ ఫేస్‌లిఫ్ట్ డిక్కీ 433 లీటర్లు. కాగితం మీద ఇద్దరికీ చెరో సగం మార్కులు పడ్డాయి.

తేల్చింది ఐదో టెస్ట్. అమ్మ రెండు కార్లూ ఎక్కి దిగి, ఎలివేట్ వెనక సీట్లో "ఇందులో మోకాలు పట్టుకోలేదు" అంది. నాన్న అదే బుక్ చేశారు, ఏడాస్ లేని మధ్య వేరియంట్. మిగిలిన డబ్బు బ్యాంకులో అమ్మ పేరు మీద వేశారు.

మీ ఇంట్లో ఇదే పరీక్ష పెడితే సెల్టోస్ గెలవొచ్చు, క్రెటా డీజిల్ గెలవొచ్చు. నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరిగే మా బావకు నేనే డీజిల్ ఆటోమేటిక్ చూడమని చెప్పాను. కాబట్టి షోరూమ్‌కు వెళ్లేముందు ఒక కాగితం మీద మూడు లైన్లు రాసుకోండి: నెలకు ఎన్ని కిలోమీటర్లు, ఎలాంటి రోడ్డు, వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు. బ్రోచర్ ఆ తర్వాత తెరవండి.