ఊపిరికి వెల కట్టుట – డైవింగ్ రెగ్యులేటరు ఎంపిక

తెలుగు పాఠములు చెప్పుకొను మాకు సముద్రపు అడుగున ఊపిరి నిచ్చు యంత్రముతో పనియేమి అని పాఠకులు అడుగవచ్చును. అందుకొక కారణమున్నది. మా కళాశాలలో డిగ్రీ ముగించిన విద్యార్థి ఒకడు అండమాన్ దీవులలో ఒక డైవింగ్ కేంద్రమున సహాయకుడుగా చేరినాడు. ఆ దీవులలో తెలుగు కుటుంబములు చాలకాలముగా స్థిరపడి ఉన్నవి. అట్టి బంధువుల ఇంట ఉండి అతడు స్కూబా శిక్షణ పూర్తిచేసినాడు. ఒకనాటి రాత్రి మాకు ఫోను చేసి ఇట్లు అడిగినాడు: "సార్, ఊరు విడిచిపోతున్న ఒకాయన తన పాత రెగ్యులేటరును కొత్తదాని ధరలో సగంకంటే తక్కువకే ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా?"

అతని ఇంటి పరిస్థితి మాకు తెలియును. ఆ వస్తువును గురించి మాత్రము ఏమియు తెలియదు. అయినను "చౌకగా వస్తున్నది గదా, తీసుకో" అన్నాము. అతడు మా మాట మీద బయానా ఇచ్చినాడు. మా సలహా ఎంత తొందరపాటుదో తరువాత తెలిసినది. తెలిసినదానిని భౌతికశాస్త్ర శాఖలోని మా సహాధ్యాపకుల సాయముతో ఇక్కడ వివరించుచున్నాము.

రెగ్యులేటరు చేయు పని

వంటింటి గ్యాసు సిలిండరు మీద నుండు రెగ్యులేటరు అందరికిని పరిచితమే. సిలిండరులోని ఒత్తిడిని తగ్గించి పొయ్యికి తగినంత గ్యాసును పంపుట దాని పని. డైవరు రెగ్యులేటరు పనియు ఇట్టిదే గాని, ఒక ముఖ్యమైన భేదమున్నది. వంటింటిది ఎల్లప్పుడును ఇంచుమించు ఒకే ఒత్తిడితో గ్యాసు నిచ్చును. డైవరుది లోతును బట్టి ఒత్తిడిని మార్చుకొనుచు, మనిషి పీల్చినప్పుడు మాత్రమే, పీల్చినంత మాత్రమే గాలి నీయవలెను.

సముద్రమున ప్రతి 10 మీటర్ల లోతుకు ఒత్తిడి సుమారు 1 బార్ చొప్పున పెరుగును. ఉపరితలమున 1 బార్ ఉన్న ఒత్తిడి 30 మీటర్ల లోతున 4 బార్లగును. అంత ఒత్తిడి రొమ్మును అదుముచుండగా ఊపిరి ఆడవలెనన్న, లోనికి వచ్చు గాలికి కూడ అంత ఒత్తిడియే ఉండవలెను. కనుక ఉపరితలమున నిమిషమునకు 20 లీటర్లు పీల్చువాడు 30 మీటర్ల లోతున, పైలెక్క ప్రకారము, 80 లీటర్లు ఖర్చుచేయును. 12 లీటర్ల సిలిండరులో 200 బార్ల ఒత్తిడితో నింపిన గాలి 2400 లీటర్లు. అనగా ఆ లోతున అది అరగంట గాలి. మెల్లగా పైకి వచ్చుటకును, ఆపదకును నిలువ ఉంచవలసినది తీసివేసిన అంత కూడ మిగులదు. ఇట్టి లెక్కలో లీకునకు చోటు లేదు.

ఈ చిక్కును విప్పినవారు ఫ్రాన్సు దేశస్థులు. 1860 దశకమున రుకేరోల్ అను గనుల ఇంజనీరును, దెనేరూజ్ అను నౌకాదళాధికారియు పీల్చినప్పుడే గాలి నిచ్చు పరికరమును రూపొందించినారు. 1943లో ఎమిల్ గాన్యాన్ అను ఇంజనీరును, నౌకాదళమునకు చెందిన జాక్ కూస్తోయు నేటి స్కూబాకు మూలమైన ఆక్వాలంగును తయారుచేసినారు. యుద్ధకాలపు పెట్రోలు కొరతలో కార్లను గ్యాసుతో నడుపుటకు గాన్యాన్ చేసిన కవాటమే దానికి ఆధారము. ఇంజనుకు కొలిచి గ్యాసు పెట్టిన ఉపాయము మనిషి ఊపిరికి అక్కరకు వచ్చినది.

రకములు – అవసరములు

నేటి రెగ్యులేటరులో ముఖ్యభాగములు రెండు. సిలిండరుకు బిగించు ఫస్ట్ స్టేజి, లోపలి అధిక పీడనమును చుట్టునున్న నీటి ఒత్తిడికంటె 9, 10 బార్లు మాత్రమే ఎక్కువగా ఉండునట్లు తగ్గించును. నోట కరచుకొను సెకండ్ స్టేజి దానిని నీటి ఒత్తిడితో సమానము చేసి అందించును. ఇవిగాక ఆపదలో తోటివానికి ఇచ్చుటకు ఆక్టోపస్ అను మరియొక సెకండ్ స్టేజి, మిగిలిన గాలిని చూపు మీటరు, ఒంటిమీది జాకెట్టులోనికి గాలి పంపు గొట్టము కావలెను. చౌకగా కనిపించు బేరములలో ఇవి చేరి ఉండవు. విడిగా కొనవలసివచ్చిన వాటి ధర అసలు ధరకు కలుపుకొనవలెను.

ఫస్ట్ స్టేజిలో పిస్టనుతో పనిచేయునవి, డయాఫ్రమ్‌తో పనిచేయునవి అని రెండు రకములు. వీనిలో మరల బ్యాలెన్స్‌డ్, అన్‌బ్యాలెన్స్‌డ్ అను భేదమున్నది. బ్యాలెన్స్‌డ్ రకము సిలిండరు నిండుగా ఉన్నను, ఖాళీ అగుచున్నను ఒకే తీరున గాలి నిచ్చును. అన్‌బ్యాలెన్స్‌డ్ పిస్టను రకములో, సిలిండరు ఖాళీ అగుకొలది పీల్చుట కొంచెము బరువగును. కాని దానిలో కదలు భాగములు అతి తక్కువ, విప్పి శుభ్రపరచుట సులువు, ధరయు తక్కువ. స్కూబాప్రో కంపెనీవారి ఎంకే2 ఈ కోవలోనిదే. మితమైన లోతులలో దిగు సాధారణ డైవరుకు ఇట్టిది చక్కగా సరిపోవును.

చలినీటి కొరకు చేసిన ఖరీదైన రకములును ఉన్నవి. నీరు 10 డిగ్రీలకంటె చల్లగా ఉన్నచోట రెగ్యులేటరులో మంచు కట్టి గాలి ఆగక వెలువడు ప్రమాదమున్నది. అండమాను వెచ్చని నీటిలో దిగువాడు ఆ రక్షణకై అదనపు సొమ్ము పెట్టనక్కరలేదు. సిలిండరుకు బిగించు పద్ధతులును రెండు: కొక్కెమువలె పట్టు యోక్, మరతో బిగియు డిన్. తాను దిగు కేంద్రమున ఏవి వాడుదురో ముందుగా అడుగవలెను.

పాతదానిని పరీక్షించు విధము

మిగిలిన సొమ్ము తిరిగివచ్చిన పిదప ఇచ్చునట్లు ఒప్పించి, మా విద్యార్థి ఆ రెగ్యులేటరును సెలవులలో వెంట తెచ్చినాడు. అధ్యాపకుల గదిలో బల్లమీద పెట్టి దానిని పరిశీలించినాము. పైకి తళతళలాడుచుండెను.

మొదట ఫస్ట్ స్టేజి ముఖమున గాలి ప్రవేశించుచోట ఉన్న చిన్న లోహపు వడపోతను చూడవలెను. అది శుభ్రముగా లోహపు రంగున ఉండవలెను. పచ్చబారిన, ఉప్పునీరు లోపలికి పోయినదని గుర్తు. ఎఱ్ఱని పొడి ఉన్న, సిలిండరు తుప్పు. నల్లబడిన, గాలి నింపు యంత్రము నుండి నూనెయో, బొగ్గుపొడియో వచ్చినదని అనుమానింపవలెను. మా ముందున్నదాని వడపోత అంచున పచ్చదనము స్పష్టముగా కనిపించినది.

రెండవది గొట్టములు. కొసలయందలి రబ్బరు తొడుగులను వెనుకకు జరిపి, గొట్టమును వంచి చూడవలెను. పగుళ్లును, లోహము తినివేయబడుటయు తొడుగుల క్రిందనే దాగియుండును. మూడవది, సిలిండరు లేకుండ చేయు పరీక్ష. ఫస్ట్ స్టేజికి మూత బిగించి సెకండ్ స్టేజి నుండి మెల్లగా పీల్చవలెను. గాలి రాకూడదు. వచ్చినచో లోపలి పొరయో, ఊపిరి వదలు కవాటమో చెడినదన్నమాట. నీటిలో ఆ దారినే నీరు నోటిలోనికి వచ్చును.

సిలిండరు తగిలించిన పిదప చేయవలసినవి మరి రెండు. కవాటము తెరచి మూసి, మీటరు ముల్లు కొన్ని నిమిషములు కదలక నిలుచునా అని చూడవలెను. పిమ్మట ఫస్ట్ స్టేజి నుండి వచ్చు మధ్యపీడనమును నిపుణునిచే కొలిపించవలెను. అది ఒకచోట నిలువక మెల్లగా పైకి ప్రాకిన, లోపలి సీటు అరిగినదని అర్థము. సాధారణముగా సెకండ్ స్టేజి కవాటము ఆ ఒత్తిడికి తెరచుకొని గాలిని వదలివేయునట్లు నిర్మింపబడియుండును. గాలి ఆగిపోవుటకంటె అది మేలే గాని, అరగంట గాలిలో ఎంతో భాగము వృథాగా బుడగలై పోవును.

లెక్క చూచుట

కొత్తదాని ధర 100 రూపాయలనుకొందము. ఇది నిజమైన ధర కాదు, పోలిక కొరకు మాత్రమే. పాతది 40కి వచ్చినది. పాతదానిని తెచ్చినవెంటనే పూర్తిగా విప్పి, ఓ-రింగులు, సీట్లు, వడపోత మార్పించక నీటిలో దిగరాదు. దానికి 25 అనుకొందము. రెండు గొట్టములు, ఒక మీటరు మార్చుటకు మరి 20. మొత్తము 85. మిగిలినది 15. కొత్తదానితో వచ్చు హామీ దీనికి లేదు. జీవితకాలపు హామీలు తరచుగా మొదటి కొనుగోలుదారునికే చెల్లును.

ఈ లెక్కయు విడిభాగములు దొరికినప్పటి మాట. మా విద్యార్థి తిరుగు ప్రయాణమున చెన్నైలో ఒక సర్వీసు నిపుణునికి ఆ వస్తువును చూపినాడు. ఆ నమూనాకు సీట్లు తయారగుట ఏనాడో ఆగిపోయినదని అతడు చెప్పినాడట. బయానా తిరిగి రాలేదు. అది అతని ఒక నెల పొదుపు. ఆ సంగతి చెప్పునప్పుడు అతడు మమ్ము ఒక్క మాట అనలేదు. అందుచేతనే మాకు మరింత బాధ కలిగినది.

పాతది కొనుటయే తప్పని మా భావము కాదు. విడిభాగములు నేటికిని దొరకు నమూనా, సర్వీసు రసీదులు, శుభ్రమైన వడపోత, ఇవన్నియు ఉండి, సర్వీసు ఖర్చు కలిపినను కొత్తదానికి చాల తక్కువగా తేలినచో నిశ్చింతగా కొనవచ్చును. అట్లు కానిచో, కొత్తవానిలో సాదా రకము మేలు. ఏడాదికి నాలుగైదు రోజులు మాత్రమే దిగువానికి, నమ్మకమైన కేంద్రమున అద్దెకు తీసుకొనుట అన్నిటికంటె చౌక. ఏది కొన్నను తయారీదారు చెప్పిన గడువున, అనగా ఏడాదికో, రెండేండ్లకో సర్వీసు చేయించవలెను. దిగిన ప్రతిసారి మూత బిగించి మంచినీట కడుగవలెను. వాడక మూలను పెట్టినను రబ్బరు ముదురునని మరువరాదు.

మా విద్యార్థి ఒక ఏడాది అద్దె రెగ్యులేటరుతోనే పనిచేసి, ఆ పిమ్మట సాదా పిస్టను రకమును కొత్తగా కొనుక్కొన్నాడు. ఈసారి మమ్ము సలహా అడుగలేదు. కొన్న తరువాత విడిభాగముల జాబితాను మాత్రము పంపినాడు.

మన ప్రయోగశాలకు పరికరములు కొనునప్పుడు కూడ కళాశాల సంఘమువారు ఈ కొలతనే పాటింపవచ్చును: కొన్ననాటి ధర ఎంత అని కాక, పనిచేసినన్నాళ్లు అగు ఖర్చు ఎంత, విడిభాగములు ఎక్కడ దొరకును అని. ఉర్దూలో దమ్ అనగా ఊపిరి, దామ్ అనగా వెల. వ్రాతలో ఒక్క దీర్ఘమే భేదము. ఆ రెంటిలో దేనిని ముందు చూడవలెనో, తెలియని సంగతిలో సలహా ఇచ్చుటకు ముందు మేమును, బయానా ఇచ్చుటకు ముందు విద్యార్థులును ఒక్క నిమిషము ఆలోచింపవలెను.