అక్క పేరు కొట్టేయకు, అల్లుడూ

చీరాల

మేనల్లుడికి,

నువ్వు పంపిన ఆరోగ్య బీమా రెన్యువల్ నోటీసు చూశాను. "అమ్మ పేరు తీసేస్తే ప్రీమియం బాగా తగ్గుతుంది మామయ్యా, ఆ డబ్బు బ్యాంకులో వేస్తా" అన్నావు. బిల్లు పెరిగిందన్న నీ కోపం సబబే. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తేశారు. అయినా బిల్లు పెరిగిందంటే అసలు ప్రీమియమే పెరిగిందన్నమాట. అరవై దాటినవాళ్లకు ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే ముందు తనను సంప్రదించాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2025 జనవరిలో కంపెనీలకు చెప్పింది. పెంపు ఎందుకో రాతపూర్వకంగా అడుగు. జవాబు సరిగ్గా లేకపోతే ఐఆర్‌డీఏఐ 'బీమా భరోసా' పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టు. అక్కడా తేలకపోతే హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నాడు.

ఇక అసలు సంగతి. అక్కకు షుగరూ బీపీ ఉన్నాయి. పాలసీకి ఐదేళ్లు నిండాయి. ముందునుంచీ ఉన్న జబ్బులకు పెట్టే నిరీక్షణ కాలం మూడేళ్లకు మించకూడదు, అది ఎప్పుడో గడిచిపోయింది. విడవకుండా అరవై నెలలు కట్టినవాళ్లకు, మోసం రుజువైతే తప్ప, 'ఆ జబ్బు సంగతి ముందు చెప్పలేదు' అని క్లెయిము కొట్టేయడానికి వీల్లేదు. ఇప్పుడు తీసేసి రేపు మళ్లీ చేర్పిద్దామంటే ఇవన్నీ మొదటికొస్తాయి. అరవై ఏడేళ్ల మనిషిని తీసుకోం అన్నా అనొచ్చు.

అయితే నీ ఆలోచనలో సగం న్యాయముంది. ఇంటిల్లిపాదికీ కలిపి తీసుకునే ఫ్లోటర్ పాలసీలో ప్రీమియం లెక్క అందరిలోకీ పెద్దవాళ్ల వయసును బట్టి కడతారు. నువ్వూ కోడలూ ముప్పైల్లో ఉన్నా మీ అందరి రేటూ అక్క వయసు మీదే నడుస్తోంది. అక్కను అదే కంపెనీలో విడి పాలసీకి మార్పించు. గడిచిన ఐదేళ్లూ లెక్కలోకి వస్తాయని కాగితం మీద తీసుకున్నాకే డబ్బు కట్టు. రెండు పాలసీలకూ కలిపి లెక్క వేయించి చూడు, చాలామటుకు తక్కువే తేలుతుంది. అక్క పాలసీకి డిడక్టిబుల్ కూడా అడుగు. అంటే మొదటి లక్ష మనం పెట్టుకుంటాం, ఆ పైది కంపెనీ భరిస్తుంది. ప్రీమియం బాగా దిగుతుంది. నువ్వు బ్యాంకులో వేస్తానన్న డబ్బుకు అక్కడ పనుంది. జ్వరాలకూ చిన్నాచితకా ఖర్చులకూ బీమా ఎందుకు? బైపాస్ కోసం గుంటూరో విజయవాడో పరుగెత్తాల్సిన రోజుకు కదా అది! గది అద్దెకు పరిమితి ఉందేమో మాత్రం చూడు. పరిమితి దాటిన గదిలో చేరితే అద్దె ఒక్కటే కాదు, డాక్టరు ఫీజు లాంటివీ అదే దామాషాలో కోస్తారు.

ఎన్టీఆర్ వైద్య సేవ ఉందిగా అంటావేమో. అర్హత ఉంటే కార్డు చేయించు, తప్పులేదు. డెబ్బై నిండాక ఆదాయంతో నిమిత్తం లేకుండా కేంద్రం ఇచ్చే 5 లక్షల ఆయుష్మాన్ వయ వందన కార్డూ ఉంది. కానీ బకాయిలు రాలేదని ఆసుపత్రులు సేవలు ఆపేయడం చూస్తూనే ఉన్నాం. వాటినే నమ్ముకోమని నేను చెప్పను.

ఇక పేరాలలో మీ ఇంటి బీమా సంగతి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది, కాబట్టి బీమా వద్దని ఎవరూ అనరు. నీ ఏజెంటు మాత్రం స్థలం విలువ కూడా కలిపి లెక్క చెప్పాడు. పెళ్లి భోజనాల్లో కూడా పాలసీ అమ్మే రకం! స్థలాన్ని తుపాను ఎత్తుకుపోదు. మళ్లీ కట్టడానికి ఎంతవుతుందో అంతకే చేయించు. 2021 ఏప్రిల్ నుంచి అన్ని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలూ అమ్మే 'భారత్ గృహ రక్ష'లో తుపాను, వరద, అగ్నిప్రమాదం అన్నీ వస్తాయి. ఇంటి సామానుకు కట్టడం విలువలో 20 శాతం దాకా, 10 లక్షలకు మించకుండా, దానంతటదే కలుస్తుంది. జీఎస్టీ ఇక్కడ పోలేదు, అయినా ఆరోగ్య పాలసీ ముందు ఈ ఖర్చు ఏపాటిది! ముందుగదిలో గుంటమగ్గం ఉంది కదా, అది వృత్తి సామాను. ఇంటి పాలసీ కిందకు వస్తుందో రాదో ముందే అడిగి రాయించుకో. వర్షాలకు గుంటలో నీళ్లు నిండాక అడిగితే లాభం లేదు. ఇంటి లోను ఇచ్చినప్పుడు బ్యాంకు దానికి పాలసీ చేయించిందేమో ఫైలు చూడు, ఒకే ఇంటికి రెండుసార్లు కట్టడం ఎందుకు?

ఆరోగ్య పాలసీని వేరే కంపెనీకి పోర్టు పెట్టాలన్నా గడువుకు 45 రోజుల ముందే అడగాలి, నోటీసు మీద తేదీ చూసుకో. ఆదివారం రా. ఇంటి కప్పు, గదులు, సామాను ఫొటోలు తీసి, ఫ్రిజ్ బిల్లుతో సహా ఒకచోట పెడదాం.

మీ మామయ్య