దారం బిగిస్తే జన్యువు పలకదు



మా అత్తకు రొమ్ములో గడ్డ వస్తే ఊళ్ళో అందరూ "గాలి సోకింది" అన్నారు. పట్నం తీసుకుపోయేసరికి ఆలస్యమైపోయింది. అత్త కొడుకు, మా బావ, ఉస్మానియాలో కెమిస్ట్రీ చదువుతూ అడిక్‌మెట్‌లో రూము తీసుకుని ఉంటున్నాడు. సెలవుల్లో పోయినప్పుడు ఇద్దరం క్యాంపస్ మీదుగా తార్నాక దాకా నడిచాం. "క్యాన్సర్ అంటే ఏంది బావా?" అని అడిగాను. ఆయన చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మన ఒక్కో కణంలో సుమారు 2 మీటర్ల డీఎన్ఏ ఉంటుంది. కంటికి కనిపించని కణంలో అంత పొడుగు దారం ఎలా పట్టింది? హిస్టోన్లు అనే ప్రోటీన్ల మీద, రీలుకు దారం చుట్టినట్టు చుట్టుకొని ఉంటుంది. ఆ దారంలో కొన్ని ముక్కలే జన్యువులు. లైబ్రరీలో పెద్ద పుస్తకం బయటికి ఇవ్వరు గదా! కావలసిన పేజీ నోట్‌బుక్‌లో రాసుకుంటాం. కణం కూడా జన్యువును ఆర్ఎన్ఏగా నకలు రాసుకుంటుంది. దీన్ని అనులేఖనం అంటారు. రాసే ఎంజైము పేరు ఆర్ఎన్ఏ పాలిమరేజ్.

దారం బిగుతుగా ఉంటే నకలు రాయడం కుదరదు. కొన్ని ఎంజైములు హిస్టోన్లకు ఎసిటైల్ సమూహాలు తగిలించి దారాన్ని వదులు చేస్తాయి. హిస్టోన్ డీఎసిటైలేజ్‌లు వాటిని తీసేసి మళ్ళీ బిగిస్తాయి. క్యాన్సర్‌లో "ఇక పెరగవద్దు" అని చెప్పే జన్యువులు కొన్ని ఇట్లా బిగుసుకుపోతాయి. ఆపేవాళ్ళు లేక కణాలు పెరుగుతూనే ఉంటాయి.

మరి బిగించే ఎంజైమునే ఆపితే? అట్లా పనిచేసే మందే వోరినోస్టాట్. చర్మానికి వచ్చే ఒక రకం లింఫోమాకు 2006లో అమెరికాలో అనుమతి దొరికింది. ఇది అన్ని క్యాన్సర్లకూ మందు కాదు. మంచి కణాల్లోనూ ఆ ఎంజైములే ఉన్నాయి కనుక అలసట, విరేచనాలు, ప్లేట్‌లెట్లు తగ్గడం వంటి బాధలు ఉంటాయి.

ఎంజైమును ఆపి క్యాన్సర్‌ను ఎదుర్కొన్న మొదటివాళ్ళలో మన తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో అమినాప్టెరిన్ తయారు చేసింది. అది ఆపేది వేరే ఎంజైమును. ఫోలిక్ ఆమ్లం పనికిరాకుండా పోయి, కొత్త డీఎన్ఏ తయారీ ఆగుతుంది. సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించిన పరీక్షలో రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గుముఖం పట్టింది. దాని తమ్ముడు లాంటి మెథోట్రెక్సేట్‌ను నేటికీ వాడుతున్నారు.

తార్నాకలో ఐఐసీటీ గోడ పక్కన బావ ఆగాడు. "మందులు కనిపెట్టేవాళ్ళు ఉన్నార్రా. అమ్మను ముందే డాక్టరుకు చూపించేవాళ్ళు లేకపోయారు" అన్నాడు. నాకు మాట రాలేదు.

ఈసారి ఇంటికి పోయినప్పుడు అమ్మతో, అత్తతో, అవ్వతో ఈ ఒక్క మాట చెప్పండి: గడ్డ నొప్పి లేకపోయినా సరే, వెంటనే డాక్టరుకు చూపించాలి.

– 9వ తరగతి విద్యార్థి