విప్పి బిగించిన ల్యాప్‌టాప్ వెలుగనప్పుడు

నేడు మన పల్లెలలో ల్యాప్‌టాప్ అపురూపమైన వస్తువు కాదు. కైకలూరు, మండవల్లి ప్రాంతములలో చేపల చెరువుల జమాఖర్చులు దానిలో వ్రాసికొనువారు కలరు. ఏలూరు కళాశాలలలోను, తాడేపల్లిగూడెంలో 2015లో నెలకొల్పబడిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థలోను చదువుకొను బాలబాలికలకు అది పలకయు పుస్తకమును గూడ. అట్టి యంత్రము మందగించినప్పుడు, పట్టణము దూరమగుటచేతను, ఖర్చునకు వెనుదీయుటచేతను, చాలమంది తామే దానిని విప్పి ర్యాము మార్చుట, ఫ్యాను దుమ్ము తుడుచుట, క్రొత్త బ్యాటరీ అమర్చుట చేయుచున్నారు. ఈ స్వయంకృషి మెచ్చదగినదే. కాని తిరిగి బిగించిన పిమ్మట మీట నొక్కినను యంత్రములో చలనము లేకున్న నేమి చేయవలెను? ఆ సంగతిని ఈ పాఠమున క్రమముగా వివరింప నెంచితిమి.

మొదటి ప్రశ్న

యంత్రము చెడినదని నిశ్చయించుటకు ముందు ఒక ప్రశ్న వేసికొనవలెను. విద్యుత్తే రాకున్నదా, లేక తెరపై బొమ్మ మాత్రము రాకున్నదా? మీట నొక్కగానే చిన్న దీపము వెలిగినను, ఫ్యాను తిరిగినను, విద్యుత్తు వచ్చుచున్నదనియే అర్థము. అప్పుడు లోపమును ర్యాములోనో, తెరకు పోవు తీగలోనో వెదకవలెను. దీపము, చప్పుడు ఏదియు లేకున్న, విద్యుత్తు దారి ఎచటనో తెగినదని గ్రహింపవలెను.

చేనికి నీరు రాకున్న రైతు మొదట కాలువ తూము చూచును. పిదప బోదె చూచును. చివరకు మడి గట్టు చూచును. విద్యుత్తు దారిని గూడ అట్లే బయటినుండి లోపలికి చూచుకొని రావలెను. కనబడిన స్క్రూ నెల్ల విప్పుట పరీక్ష కాదు.

బయటి పరీక్షలు

మొదట గోడ ప్లగ్గులో వేరొక దీపము పెట్టి చూడవలెను. మన ఇండ్లకు వచ్చునది 230 వోల్టుల విద్యుత్తు. ఛార్జరు దానిని సాధారణముగా 19 లేక 20 వోల్టులకు తగ్గించి యంత్రమునకు అందించును. ఛార్జరుపై వ్రాసిన వోల్టులును, యంత్రము అడుగున వ్రాసిన వోల్టులును సరిపోవలెను. ఆంపియర్లు ఎక్కువైన హాని లేదు, తక్కువ కారాదు. పిన్ను పట్టినది గదా యని పొరుగువారి ఛార్జరును తగిలించుట మంచిది కాదు. వోల్టేజి హెచ్చుతగ్గులు గల ఊళ్లలో ఛార్జరే దెబ్బతినియుండవచ్చును గనుక, సరియైన మరియొక దానితో పరీక్షింపవలెను.

అటుపిమ్మట ఛార్జరు తీసివేసి, బ్యాటరీ వెలుపలికి వచ్చునదైన దానిని గూడ తీసి, మీటను 30 సెకనులు నొక్కి పట్టవలెను. బోర్డుపై నిలిచిన విద్యుత్తు దీనితో పోవును. తరువాత ఛార్జరు మాత్రము తగిలించి మీట నొక్కవలెను. లోపలి బ్యాటరీని ఊడదీసి పెట్టినప్పుడు, ఛార్జరు ఒకసారి తగిలించువరకు మేలుకొనని యంత్రములు కొన్ని కలవు.

చేయి తగిలిన చోటు

మరమ్మతుకు ముందు నడచిన యంత్రము తరువాత నడవకున్న, లోపము మన చేయి తగిలిన చోటనే యుండుట మెండు. కావున మరల విప్పి ఈ క్రింది వానిని చూడవలెను. ఛార్జరు తీసి, లోపలి బ్యాటరీ తీగను అన్నిటికంటె ముందు ఊడదీయవలెను. రంగు వేయని ఇనుప వస్తువును ఒకసారి ముట్టి, ఒంటిమీది స్థిర విద్యుత్తును పోగొట్టుకొని పనికి పూనుకొనవలెను.

మొదటిది, మీటనుండి బోర్డుకు పోవు పలుచని పట్టీ తీగ. దాని చివర చిన్న మూత యుండును. పట్టీ వంకరగా దూరినను, మూత సరిగా పడకున్నను మీట పనిచేయదు.

రెండవది, ర్యాము పలక. దానిని ఏటవాలుగా గాడిలోనికి పూర్తిగా దూర్చి, క్రిందికి వంచి, రెండు ప్రక్కల కొక్కెములు పట్టువరకు నొక్కవలెను. డీడీఆర్4 గాడిలో డీడీఆర్5 పలక ఇముడదు; బలవంతము చేసిన గాడి విరుగును. డీడీఆర్5 పలక క్రొత్తగా పెట్టినప్పుడు మొదటిసారి తెర కొన్ని నిమిషములు నల్లగా నుండవచ్చును. ఓపిక పట్టక మీట పలుమారులు నొక్కరాదు. రెండు పలకలున్న ఒక్కదానినే పెట్టి చూచుట మంచి పరీక్ష.

మూడవది, స్క్రూలు. పొట్టి స్క్రూ పోవలసిన రంధ్రములో పొడవు స్క్రూ బిగించిన బోర్డుకు తూటు పడవచ్చును. లోపల జారిపడిన స్క్రూ రెండు తీగలను కలిపివేయును. విప్పినవెన్ని, బిగించినవెన్ని యని లెక్క చూడవలెను.

ఒక మార్పు చేసి ఒకసారి పరీక్షింపవలెను. నాలుగు మార్పులు ఒక్కసారి చేసిన, ఏది గుణమిచ్చినదో తెలియదు.

ఆగవలసిన చోటు

బ్యాటరీ ఉబ్బినను, కాలిన వాసన వచ్చినను అచటితో ఆగవలెను. లిథియం బ్యాటరీని పొడిచినను, వంచినను నిప్పంటుకొనును. ఉబ్బిన దానిని ఛార్జి చేయరాదు. తాటాకు కప్పు క్రింద, గడ్డివాము దగ్గర ఉంచరాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిబంధనల ప్రకారము దానిని ఇంటి చెత్తలో కలుపరాదు. సేకరణ కేంద్రమునకు ఈయవలెను.

కొల్లేటి లంకలవారికి మరియొక మాట. బుడమేరు, తమ్మిలేరు నీరు కొల్లేటికే చేరును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఎంత నష్టము చేసినదో మన మెరుగుదుము. నీట తడిసిన ల్యాప్‌టాప్‌ను వెలుగునో లేదో యని మీట నొక్కి చూడరాదు. బియ్యములో పాతిపెట్టుట వలన గుణము లేదు; నీరు ఆరినను, అది తెచ్చిన ఒండ్రు, లవణములు బోర్డుపై నిలిచి రాగిని తినివేయును. బ్యాటరీ తీగను వెంటనే ఊడదీసి, బోర్డు శుభ్రము చేయు నిపుణునికి చూపవలెను.

యంత్రము పోయినంత మాత్రమున దానిలోని చదువు, లెక్కలు పోయినట్లు కాదు. అవి యుండునది వేరొక పలకపైన. పెక్కు యంత్రములలో ఆ పలకను ఊడదీసి మరియొక కంప్యూటరునకు తగిలించి చదువవచ్చును. కొన్నిటిలో అది బోర్డుకే అతికియుండును. కొన్నిటిలో తాళపు అంకెలు కావలయును. కనుక దుకాణమునకు ఇచ్చునపుడు లోపలి సమాచారమును చెరుపవద్దని మొదటనే చెప్పవలెను. మనము విప్పినదేదియు దాచక చెప్పవలెను; వైద్యునికి రోగము దాచిన నష్టము రోగికే గదా! మార్చిన పాత భాగమును తిరిగి అడిగి తీసికొనవలెను.

ఇక విప్పబోవువారు వారంటీ మిగిలియున్నదేమో ముందుగా చూచుకొని, ముఖ్యమైన పత్రములకు వేరుచోట నకలు ఉంచుకొనవలెను. ప్రతి అడుగునకు ఫోనుతో ఒక ఫోటో తీసి, స్క్రూలను ఏ రంధ్రములోనివో కాగితముపై గుర్తు వేసి పెట్టుకొనవలెను. ఈ పనికి పట్టునది పది నిమిషములు. అది తప్పించు నష్టము ఒక విద్యార్థికి ఏడాది చదువు కావచ్చును.