ప్లూటో చెప్పే పాఠం



1930లో దొరికిన ప్లూటోను 76 ఏళ్లు గ్రహమన్నారు. దానిలాంటివే మరికొన్ని కనబడ్డాక, 2006 ఆగస్టు 24న ప్రాగ్‌లో ఖగోళ శాస్త్రవేత్తలు ఓటు వేసి ఆ హోదా తీసేశారు. అమెరికాలో చాలామంది బాధపడ్డారు, నిరసన తెలిపారు. ప్లూటో మాత్రం ఎప్పటిలాగే తిరుగుతోంది. మారింది పేరే.

మన అనంతపురంలో వాన రాకుంటే గ్రహదోషమంటారు, శాంతి చేయించమంటారు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి, అదీ అసలు కారణం. శాంతికి పెట్టే డబ్బుతో చేలో నీటికుంట తవ్వుకుంటే మేలు.

కులం కూడా మనుషులు తగిలించిన పేరే. పుట్టుకతో ఎవరూ హీనులు కారని వసల సుత్తంలో బుద్ధుడు చెప్పాడు. ఆకాశంలో పేరునే మార్చగలిగినప్పుడు, ఊళ్లో పేరును మార్చలేమా? 1956లో నాగపూర్‌లో బాబాసాహెబ్ చేసి చూపింది అదే.

నమో బుద్ధాయ!