గ్రాండ్ టూరర్‌కు ధర కట్టేటప్పుడు

సెకండ్‌హ్యాండ్ లగ్జరీ కార్ల షోరూమ్‌లో ఎవాల్యుయేటర్‌గా చేరినవారికి ఈ-క్లాస్‌లు, ఫైవ్ సిరీస్‌లు పెద్ద పరీక్ష కాదు. అవి తరచూ చేతులు మారే బండ్లు కాబట్టి ధర మార్కెట్టే చెబుతుంది. బెంట్లీ కాంటినెంటల్ జీటీ లాంటి గ్రాండ్ టూరర్ వస్తేనే చిక్కు. పోల్చి చూద్దామంటే పక్కన రెండోది ఉండదు. అప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: ఏళ్లు గడిచేకొద్దీ కారు ధర పడుతుంది, స్పేర్ల ధర పడదు.

కొన్న ధర పక్కన పెట్టండి

పార్టీ చెప్పే ఆన్‌రోడ్ ధరలో చాలా భాగం కారుది కాదు, పన్నులది. 40 వేల డాలర్లు దాటిన కార్లకు మన దగ్గర చాలాకాలం నూటికి నూరు శాతం దిగుమతి సుంకం ఉండేది. దానిపైన లైఫ్ ట్యాక్స్. ఆపైన ఏరికోరి వేయించుకున్న రంగు, తోలు, చెక్క పనితనం. రెండో ఓనరు వీటికి పూర్తి విలువ ఇవ్వడు.

కొత్త కారు ధర తగ్గితే పాతదాని ధరా తగ్గుతుంది. 2025 జులైలో బ్రిటన్‌తో సంతకాలైన వాణిజ్య ఒప్పందం ప్రకారం అక్కడి కార్లపై సుంకం, కోటా మేరకు, దశలవారీగా 10 శాతానికి దిగాలి. కాంటినెంటల్ జీటీ తయారయ్యేది ఇంగ్లండ్‌లోని క్రూలోనే. స్టాకు నెలల తరబడి నిలిచిపోయే రకం కాబట్టి ఈ ముప్పును ఇవాళ్టి ధరలోనే లెక్కేసుకోండి.

మీటరు చూసి మురిసిపోవద్దు

ఇలాంటి కార్లు ఎక్కువగా షెడ్డులోనే ఉంటాయి. ఎనిమిదేళ్ల బండి పదిహేను వేల కిలోమీటర్లే తిరిగిందంటే సంతోషించేలోపు టైరు పక్కగోడ చూడండి. డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు 2318 అయితే అది 2018లో 23వ వారం తయారైన టైరు. పైకి అరగకపోయినా రబ్బరు గట్టిపడి ఉంటుంది. నాలుగూ మార్చాల్సిందే.

2003లో వచ్చిన మొదటి తరం కాంటినెంటల్ జీటీ బరువు 2,300 కిలోల పైచిలుకు. బ్రేకులు, సస్పెన్షన్ మీద ఆ భారమంతా పడుతుంది. రాత్రంతా ఆపి ఉంచి, పొద్దున స్టార్ట్ చేయకముందే నాలుగు మూలల ఎత్తు కొలవండి. ఒక మూల కుంగితే ఎయిర్ సస్పెన్షన్‌లో లీకు ఉందేమోనని అనుమానించాలి. ఆరు లీటర్ల డబ్ల్యూ12 ఇంజిన్ గది కిక్కిరిసి ఉంటుంది. టర్బోల పని పడితే ఇంజిన్ దించాల్సి వస్తుంది. అందుకే లిఫ్ట్ ఎక్కించి, స్కానర్ పెట్టి, సర్వీస్ బిల్లులు చూశాకే అంకె చెప్పండి.

కాగితాలూ ఖర్చే

వేరే రాష్ట్రం ఆర్సీ అయితే, పన్నెండు నెలలు దాటి ఇక్కడ తిప్పాలంటే రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. కొనేవాడు ఆ మొత్తాన్ని మీ ధరలోంచే కోస్తాడు. లోన్ ఉంటే బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి.

లెక్క వెనక నుంచి వేయండి

కారు 90 లక్షలకు అమ్ముడుపోతుందని అనుకుందాం. రిపేర్లకు 7, నిలవ ఉన్నన్నాళ్ల వడ్డీకి 3, షోరూమ్ లాభానికి 5 తీసేస్తే 75 లక్షలు. అక్కడితో ఆగిపోతే లాభం చేజారుతుంది, ఎందుకంటే జీఎస్టీ మిగిలి ఉంది. డీలరు అమ్మే పాత కార్లకు మార్జిన్‌పై 18 శాతం పన్ను. మార్జిన్ అంటే కొన్న ధరకూ అమ్మిన ధరకూ తేడా. రిపేర్ల ఖర్చు అందులోంచి మినహాయించరు. 72 లక్షలకు కొంటే తేడా 18 లక్షలు. అమ్మకం ధరలోనే పన్ను కలిసి ఉందనుకుంటే అది సుమారు రెండుముప్పావు లక్షలు. కాబట్టి మీ గరిష్ఠ ధర 72 లక్షలు.

ఆ ధర ఎలా చెప్పాలి

"నేను నాలుగు కోట్లు పెట్టానండీ" అని ఓనరు అంటే వాదనకు దిగకండి. "మీ కారును తక్కువ చేయడం లేదు సార్. దీన్ని కొనేవారు పెట్టాల్సిన ఖర్చు ఇదిగోండి" అని టైర్లు, సస్పెన్షన్, లైఫ్ ట్యాక్స్ ఒక్కొక్కటీ ఎస్టిమేట్‌తో సహా ముందుంచండి. ఏ ఖర్చు ఎక్కువ వేశారని ఆయన అడిగినా దానికి కాగితం చూపించగలగాలి. చూపించలేని కోత ఉంటే, దాన్ని ముందే మీరే తీసేయండి.