బొచ్చుకుక్క: స్వభావము, పోషణ

తెల్లని బొచ్చు, నక్క వంటి మోము, వీపు మీదికి చుట్టుకొనిన తోక గల చిన్న కుక్కను వేలూరులోగాని గుడియాత్తములోగాని చూడనివారు మీలో ఉండరు. మన తమిళ సోదరులు దీనిని ‘సడైనాయి’ అందురు. మనము బొచ్చుకుక్క అందుము. అమ్మువారు పామరేనియన్ అందురు. ముచ్చటపడి దీనిని కొనువారు పలువురు. దీని స్వభావమెరిగి పెంచువారు కొందరే. అందువలన ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

పుట్టు పూర్వోత్తరములు

పామరేనియా అనునది ఐరోపాలో బాల్టిక్ సముద్రపు దక్షిణ తీరమందలి ప్రాంతము. ఆ చలిదేశములలో పెరిగిన స్పిట్జ్ జాతి కుక్కల సంతతియే ఇది. 1888 లో విక్టోరియా రాణి ఇటలీలోని ఫ్లారెన్సు నుండి మార్కో అను కుక్కను తెచ్చుకొన్న పిమ్మట చిన్న పామరేనియన్లకు ఆదరణ హెచ్చినది. అసలు పామరేనియన్ రెండు మొదలు మూడున్నర కిలోల బరువు మాత్రమే ఉండును. మన వీథులలో కనిపించునది చాలవరకు ఇండియన్ స్పిట్జ్. ఆంగ్లేయుల కాలమున వచ్చిన జర్మన్ స్పిట్జ్ కుక్కల నుండి మన దేశమున ఏర్పడిన జాతి ఇది. ఇందు చిన్న రకము అయిదు మొదలు ఏడు కిలోలు తూగును.

స్వభావము

ఇది చురుకైనది, తెలివైనది. ఇంటిలో ఒకరిని తనవారిగా ఎంచుకొని వారి వెంటనే తిరుగును. క్రొత్తవారిని చూచినచో ఊరకొనక మొరుగును. ఒంటరితనమును ఓర్వదు. రోజంతయు గొలుసుతో కట్టివేసినచో దాని మొరుగుట పిచ్చి కోపముగా మారును. తప్పు కుక్కది కాదు, కట్టినవారిది. కొట్టి నేర్పినచో భయము నేర్చును. మెచ్చుకొని, చిన్న తినుబండారమిచ్చి నేర్పినచో మాట నేర్చును. తినుచున్నపుడు, నిద్రించునపుడు, పిల్లలకు పాలిచ్చునపుడు దాని జోలికి పోరాదు. పసిబిడ్డను దాని యొద్ద ఒంటరిగా విడువరాదు.

ఎండ, స్నానము, ఆహారము

మన ఊళ్ల చుట్టును బండరాతి కొండలు. కర్తరి దినములలో ఎండ నలువది డిగ్రీలు దాటుచుండును. కుక్కకు మనవలె ఒడలంతయు చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుట చేతనే అది తన వేడిని చాలవరకు తగ్గించుకొనును. కావున మధ్యాహ్నము మేడమీద కట్టరాదు. తెల్లవారుజామునను, ప్రొద్దుగూకిన పిదపను మాత్రమే త్రిప్పవలెను. ముంజేతి వెనుక భాగమును నేలపై ఆనించి చూడుడు. మీకు కాలినచో దాని పాదములకును కాలును. ఒగర్చుచు తూలినచో నీడకు చేర్చి, మామూలు నీళ్లతో ఒడలు తడిపి, వెంటనే పశువైద్యుని యొద్దకు కొనిపోవలెను.

వేసవి వచ్చినదని బొచ్చును నున్నగా గొరిగించుట మంచిది కాదు. రెండు పొరల ఆ బొచ్చు ఎండ నుండి చర్మమును కాపాడును. దినము మార్చి దినము దువ్వి, గోమార్లు ఏరివేసినచో చాలును.

పాలు, బిస్కత్తులు, పెరుగన్నము మాత్రమే పెట్టుట పలు ఇండ్ల వాడుక. అది చాలదు, గ్రుడ్డో మాంసమో, లేనిచో కుక్కలకై సిద్ధపరచిన ఆహారమో కావలెను. సాంబారులోని ఉల్లి, పాయసములోని ఎండుద్రాక్ష, పిల్లలు పంచుకొను చాక్లెట్టు దానికి విషతుల్యములు. ఉడికిన కోడి ఎముకలు చీలి గొంతునగాని ప్రేగులోగాని గ్రుచ్చుకొనును.

టీకాలు, కాటు

కుక్కపిల్లను ఎనిమిది వారములు నిండకమున్ను తల్లి నుండి వేరు చేయరాదు. పార్వో, డిస్టెంపర్ వ్యాధులకు ఆరు, ఎనిమిది వారముల వయసు నుండియు, రేబిస్‌కు మూడవ నెలలోను టీకాలు వేయించి, పశువైద్యుడు చెప్పిన గడువున మరల వేయించుచుండవలెను. పెంపుడు కుక్కయే కదా యని ఉపేక్షింపరాదు.

రేబిస్ లక్షణములు కనబడిన పిదప మనుష్యుడు బ్రతుకుట దాదాపు అసంభవము. 1885 లో లూయీ పాశ్చర్ మహాశయుడు కుక్క కరచిన తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టర్ అను బాలునికి టీకా వేసి కాపాడెను. 1907 లో మన నీలగిరులలోని కూనూరున పాశ్చర్ సంస్థ వెలసినది. గొఱ్ఱె మెదడు నుండి తీసిన మందును బొడ్డు చుట్టు సూదులుగా వేయు పద్ధతి మన దేశమున 2005 నాటికి నిలిచిపోయినది. ఇప్పుడు టీకా భుజమునకే. అయినను ఆ పాత సూదుల భయముచేత, పెద్దలు కోపింతురను శంకచేత, కాటును దాచు బాలురు ఇంకను ఉన్నారు. ఆ దాపరికము ప్రాణము తీయగలదు.

కరచినను, గీరినను, గాయమును వెంటనే సబ్బుతో, ధారగా పోయు నీళ్లతో పదునైదు నిమిషములు కడుగవలెను. పసుపు, కారము, సున్నము పూయరాదు. నాడే ఆసుపత్రికి పోయి, వైద్యుడు చెప్పిన తేదీలన్నిటను తప్పక టీకా వేయించుకొనవలెను. ఈ సంగతి ఇంటిలో చెప్పుటకు భయమైనచో ఉపాధ్యాయులతో చెప్పుడు; మేము కోపింపము, ఆసుపత్రికి వెంట వచ్చెదము.

ముగింపు

నన్నయ భట్టారకుని భారతమున ఆదిపర్వమందు సరమ కథ కలదు. జనమేజయుని తమ్ములు ఏ తప్పును చేయని కుక్కపిల్లను కొట్టగా, దాని తల్లి సరమ జనమేజయుని యొద్దకు వచ్చి, నిరపరాధులను బాధించువారికి అనుకొనని భయములు కలుగునని చెప్పి పోయెను. బొచ్చుకుక్క పండ్రెండు మొదలు పదునారేండ్లు జీవించును. ఆరవ తరగతిలో మీరు తెచ్చుకొనిన పిల్ల, మీరు చదువు ముగించి ఉద్యోగమునకు పోవునాటికిని మీ వాకిట నుండును. అంతకాలము నీడ, నీరు, టీకా, తోడు ఇయ్యగలమా యని ఇంటిల్లిపాది ఆలోచించిన పిమ్మటనే తెచ్చుకొనుడు. తెచ్చుకొనిన దానిని వీథిపాలు చేయకుడు.